ఖాళీగా ఉన్నారుగా, అల్లెయ్యండి!

మొన్న శుక్రవారం మా ఆఫీసులో రిలీజు. బిల్డు పూర్తవడానికి నలభై నిమిషాలు పడుతుందన్నారు. కాన్ఫరెన్సు రూములో ఎనిమిది మందిమి ఉన్నాం, అందరూ తలొంచుకుని ఫోన్లు తిప్పుకుంటున్నారు. నేను బ్యాగులోంచి క్రోషే సూది, ఓ చిన్న ఊలు ఉండ తీసి అల్లుకుంటూ కూర్చున్నా. మా లీడ్ కాసేపు వింతగా చూసి "ఏంటది?" అన్నాడు.

"దుప్పటి ముక్క. ఇంట్లో మిగిలిపోయిన ఊలుంటే చారలు చారలుగా అల్లుతున్నా. ఇలాంటివి నలభై తొమ్మిది కలిపితే ఒక దుప్పటి అవుతుంది."

ఆయన గట్టిగా నవ్వి, "బాసూ, ఆరొందలు పెడితే దుప్పటి రేపు పొద్దున్నకి ఇంటికొచ్చేస్తుంది. నీ బిల్లింగ్ రేటుతో లెక్కేస్తే ఈ దుప్పటి లక్షలు దాటుతుంది. ఆరోఐ ఏంటసలు?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వా. బిల్డు ఫెయిలైంది. మళ్ళీ నలభై నిమిషాలు. ఇంకో రెండు చారలు అయ్యాయి :-)

ఇక్కడితో అయిపోవాల్సిన విషయమే. కానీ రాత్రి పడుకున్నాక ఆ లెక్క వదల్లేదు. ఎందుకంటే అదే లెక్కని తిరగేసి చెప్పగా చిన్నప్పుడు చాలాసార్లు విన్నాను. మాది నరసాపురం పక్కన పల్లెటూరు. మా ఇంటి అరుగు మీదకి లేసు ఏజెంటొకాయన వచ్చేవాడు. దారం ఇచ్చి, పాత సరుకు తీసుకుని, చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టేవాడు. మా అమ్మ "ఇంత తక్కువైతే ఎలాగండీ" అంటే ఒకటే సమాధానం: "ఖాళీగానే కదండీ ఉంటారు. అల్లెయ్యండమ్మా!"

చూశారా తమాషా? నా గంట చాలా ఖరీదు కాబట్టి నేను అల్లకూడదు. మా అమ్మ గంటకి విలువే లేదు కాబట్టి ఆవిడ అల్లుతూనే ఉండాలి. సూది అదే, కుట్టు అదే. మా లీడ్ పెద్ద చదువులు చదివాడు, ఏజెంటు పదో తరగతి. ఇద్దరూ ఒకే తప్పు చేశారు. గంట ఎవరిదో చూసి రేటు కట్టారు తప్ప, ఆ గంటలో ఏం పని జరిగిందో ఇద్దరూ చూడలేదు.

కొంచెం ఘాటుగానే రాయబోతున్నా. ముందే చెప్పేస్తున్నా.

ముందు అసలు ఈ ముక్కల సంగతి. ఇది నా ఐడియా కాదు. అమెరికాలో 1991లో ఈవీ రోజెన్ అనే ఆవిడ 'వార్మ్ అప్ అమెరికా' అని మొదలుపెట్టింది. ఒక్కళ్ళే మొత్తం దుప్పటి అల్లాలంటే ఎవరికైనా నీరసం వస్తుంది. అందుకని తలా ఒక ముక్క అల్లి ఇవ్వండి, కలిపి దుప్పటి చేసి అవసరమైనవాళ్ళకి ఇద్దాం అంది. ముక్క కొలత 7 అంగుళాలు బై 9 అంగుళాలు. అడ్డం ఏడు, నిలువు ఏడు, మొత్తం 49. ఇంటర్‌ఫేసు ముందే ఖాయం చేసేసి, లోపల ఎవరి ఇంప్లిమెంటేషన్ వాళ్ళకి వదిలేయడమన్నమాట. నాకు భలే నచ్చింది.

నా ముక్క లెక్క ఇది. మామూలు మందం ఊలుతో 28 కుట్లు వేస్తే ఏడంగుళాలు వస్తుంది. 36 వరసలు అల్లితే తొమ్మిది అంగుళాలు. వేసేది సింగిల్ క్రోషే. (అమెరికావాళ్ళు సింగిల్ అనేదాన్నే బ్రిటన్‌వాళ్ళు డబుల్ అంటారు. డాక్యుమెంటేషన్ గోల మన ఇండస్ట్రీకే పరిమితం కాదు!) నాలుగు వరసలకి ఒక రంగు చొప్పున తొమ్మిది చారలు. మిగిలిన ఉండ ఒక చారకి సరిపోతుందా లేదా అన్నది ముందే తెలియాలి, లేకపోతే మూడో వరసలో సగంలో అయిపోతుంది. అందుకు వంటింటి కాటా చాలు. చార మొదలుపెట్టేముందు ఉండని తూచి, అయ్యాక మళ్ళీ తూచడమే. నా చేతికి చారకి 3 గ్రాములు పడుతోంది. అంతకన్నా తక్కువున్న ఉండల్ని ముక్కలు అతకడానికి దాచుకుంటా.

రంగు మారినప్పుడల్లా రెండు కొసలు మిగులుతాయి, వాటిని సూదితో లోపలికి దూర్చి దాచాలి. ముక్కకి 18 కొసలు. దుప్పటికి 882. ఈ పని గురించి ఎవరూ ఫొటోలు పెట్టరు.

ఒక ముక్కలో 28 ఇంటూ 36, అంటే 1008 కుట్లు. కొసలతో కలిపి నాకు రెండు గంటలు పడుతోంది. 49 ముక్కలకి 98 గంటలు, అతకడానికి ఇంకో పన్నెండు వేసుకోండి. నూట పది గంటలు, దాదాపు 50 వేల కుట్లు. ఆఫీసు టైముతో చూస్తే రెండున్నర వారాల పైమాటే.

సరే, ఇప్పుడు గొడవలోకి వద్దాం.

మొదటి మాట. "మిషన్ మీద చేసేస్తారుగా!" ఇది నాకు తెలిసిన ఇంజనీర్లలో సగం మంది నమ్మకం. చేయరు. స్వెట్టరు అల్లికకి మిషన్లున్నాయి. విలియం లీ మేజోళ్ళు అల్లే మిషన్ కట్టింది 1589లోనే. ఆ అల్లికలో వరస మొత్తం ఉచ్చులు సూదుల మీద బారుగా నిలబడి ఉంటాయి, మిషన్‌కి అదే కావాలి. క్రోషేలో అలా కాదు. ఒక కుట్టు పూర్తిగా ముగిసాకే రెండోది. సూది ప్రతిసారీ అప్పటికే అల్లిన గుడ్డలోకి దూరాలి, ఎక్కడ దూరాలో కంటితో చూసి, వేలితో తడిమి తెలుసుకోవాలి. ల్యాబుల్లో ప్రోటోటైపులు కట్టి ప్రయత్నిస్తూనే ఉన్నారు కానీ చేతి క్రోషేని మార్కెట్టుకి సరిపడా అల్లి పోసే ఫ్యాక్టరీ లేదు. 'క్రోషే మిషన్' అని పేరున్నవి వేరే రకం అల్లిక చేస్తాయి, పట్టీలూ ఎలాస్టిక్కులూ వాటి మీద వస్తాయి. ఇక ఏఐ అయితే అద్భుతమైన క్రోషే బొమ్మల ఫొటోలు ఇస్తుంది. అందులో కొన్నిటిని ఈ భూమ్మీద ఏ సూదీ అల్లలేదు, అది వేరే సంగతి.

మా లీడ్ చెప్పిన ఆరొందల దుప్పటి మిషన్ మీద తయారైన పాలిస్టర్ బట్ట. దానితో నాకేం పేచీ లేదు. కానీ ఏ మాల్‌లోనో నిజమైన క్రోషే టాపు ఎనిమిదొందలకి కనిపిస్తే ఆగి ఆలోచించండి. అది చేత్తో అల్లిందే, ఇంకో దారి లేదు. అందులో ఊలు డబ్బు తీసేయండి, షాపు అద్దె, రవాణా, మధ్యవాళ్ళ కమీషన్లు, పన్ను, బ్రాండు లాభం తీసేయండి. మిగిలినదాన్ని గంటలతో భాగించండి. అలా తేలే అంకె మీ టీ ఖర్చుకైనా వస్తుందేమో చూడండి. మనకి డిస్కౌంటు ఇచ్చింది బ్రాండువాడు అనుకుంటాం. ఇచ్చింది ఆవిడ, ఆవిణ్ణి అడక్కుండానే.

రెండో మాట. నరసాపురం. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీలు గోదావరి జిల్లా ఆడవాళ్ళకి ఈ అల్లిక నేర్పారు. తర్వాత అది ఎగుమతి వ్యాపారమైంది. మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త (2023లో చనిపోయారు) వచ్చి ఇక్కడి లేసు ఆడవాళ్ళ మీద పరిశోధన చేసి 1982లో 'ద లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అని పుస్తకం వేశారు. పుస్తకం సారం ఒక్క ముక్కలో చెప్పాలంటే ఇది: వీళ్ళు ప్రపంచ మార్కెట్టుకి సరుకు తయారు చేస్తున్నారు, కానీ ఊరూ, వ్యాపారులూ, ప్రభుత్వ లెక్కలూ వీళ్ళని 'పనివాళ్ళు' అనవు, 'గృహిణులు' అంటాయి. గృహిణి చేసేది కాలక్షేపం కాబట్టి కూలి అడిగే హక్కు ఉండదు. పొలం కూలికి వెళ్ళే దళిత స్త్రీలకి వచ్చేదానికన్నా, పరువు కోసం గడప దాటకుండా లేసు అల్లే ఆడవాళ్ళకి తక్కువ వచ్చేదని కూడా ఆవిడ చూపించారు. గడప దాటకపోవడమే వీళ్ళ రేటు తగ్గించింది.

ఇంకో సంగతి గమనించండి. నేను గొప్పగా 'మాడ్యులర్ డిజైన్' అని మురిసిపోయానే, మా ఊళ్ళలో అది ఎప్పట్నుంచో ఉంది. పువ్వులు, చిన్న బిళ్ళలు అల్లేవాళ్ళు ఒక ఇంట్లో, వాటిని కలిపి పెద్ద గుడ్డ చేసేవాళ్ళు ఇంకో ఇంట్లో. కలపడాన్ని అతుకుపని అంటారు. ఇంటిగ్రేషన్ టీమన్నమాట! అయితే ఒక తేడా ఉంది. మన సిస్టములో ఏ మాడ్యూలు ఎవరు రాశారో కమిట్ హిస్టరీలో పేరుంటుంది. అక్కడ బిళ్ళ అల్లినావిడకి పెద్ద గుడ్డ ఎంతకి అమ్ముడైందో తెలీదు, ఎక్కడికి పోయిందో తెలీదు. తెలీకపోవడం వల్ల ఎవరికి లాభమో నేను చెప్పక్కర్లేదు.

2024లో నరసాపురం లేసుకి జీఐ గుర్తింపు వచ్చింది. సంతోషం. మా వాట్సాప్ గ్రూపుల్లో ఆ రోజంతా గర్విస్తూ మెసేజులే మెసేజులు. కానీ జీఐ కాపాడేది పేరుని. ఎక్కడో చేసిన సరుకుని నరసాపురం లేసు అని అమ్మకూడదు, అంతవరకే. అల్లినావిడకి గంటకెంత ఇవ్వాలో అందులో ఉండదు. అదే వారం మన గ్రూపులో ఎంతమంది అసలు రేటు గురించి అడిగారు? సున్నా. నాతో కలిపి.

మూడో మాట, ఇది మనవాళ్ళకి కొంచెం మంటెక్కించేదే. 2020లో మనందర్నీ ఇంట్లో కూర్చుని పని చేయమన్నారు. వారం తిరక్కుండా మనం ఏం అడిగాం? ఇంటర్‌నెట్ బిల్లు ఎవరు కడతారు, కుర్చీ ఎవరిస్తారు, నడుం నొప్పి, రాత్రి తొమ్మిదింటికి కాల్ పెడితే ఎలా, ఇంటికీ ఆఫీసుకీ మధ్య గోడ పోయింది... అన్నీ న్యాయమైన మాటలే, నేనూ గట్టిగానే అడిగా. మరి మా అమ్మ వర్క్ ఫ్రమ్ హోమ్ చేసింది పాతికేళ్ళు. కరెంటు తనది, చోటు తనది, సూది తనది, మెడ నొప్పి తనది. కళ్ళజోడు మాత్రం నా మొదటి జీతంతో కొన్నది. ఆవిడకి హెచ్చార్ లేదు, పేస్లిప్ లేదు, 'నేను ఉద్యోగం చేశాను' అని చెప్పుకోవడానికి కాగితం ముక్క లేదు. జనాభా లెక్కలవాళ్ళు వచ్చి 'ఏం చేస్తుంటారమ్మా' అంటే మా నాన్నే గుమ్మంలోంచి "ఏం చెయ్యదండీ, ఇంట్లోనే" అన్నాడు. ఆయన దుర్మార్గుడేం కాదు, నిజంగానే అలా అనుకున్నాడు. ఆ మాట అన్నప్పుడు ఆవిడ చేతిలో సూది ఉంది.

ఇంటి నుంచి పని చేసేవాళ్ళని మిగతా కార్మికులతో సమానంగా చూడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1996లో ఒక ఒప్పందం చేసింది. నంబరు 177. మన దేశం దాని మీద సంతకం పెట్టి ఆమోదించలేదు. ఆ ఒప్పందం పేరు 2020కి ముందు మనలో ఎవరికీ తెలియదు, తర్వాత కూడా తెలియదు.

నాలుగో మాట. ఇది ఒప్పుకోలు. ఇప్పటిదాకా ఎవరెవర్నో తిట్టాను కాబట్టి నా వంతు.

పోయినేడు మా అపార్టుమెంట్లో దీపావళి స్టాళ్ళు పెట్టారు. నేను సరదాకి అల్లిన చిన్న సంచులు ఆరు తీసుకెళ్ళి 250 చొప్పున పెట్టా. ఊలు ఖర్చు వస్తే చాలు, నాకేం డబ్బుకి ఇబ్బందా అని. అరగంటలో అన్నీ అయిపోయాయి. హీరోలా ఫీలైపోయి అమ్మకి ఫోన్ చేశా. ఆవిడ ఒకటే అడిగింది.

"ఒక్కోటి ఎంతసేపు పట్టింద్రా?"

"అయిదు గంటలమ్మా, అటూ ఇటూగా."

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత మెల్లిగా అంది. "నువ్వే అంతకి ఇచ్చేస్తే, ఇంక మాబోటివాళ్ళకి ఎక్కువెవరిస్తార్రా నాన్నా?"

నా దగ్గర జవాబు లేదు. మనం ఐటీవాళ్ళం జీతం ఒక చోట తీసుకుని, సరదా ఇంకో చోట తీర్చుకుంటాం. తప్పు లేదు. కానీ ఆ సరదాని ఊలు ఖరీదుకే అమ్మితే మన జీతం ఆ సంచికి సబ్సిడీ అవుతుంది. రేపు ఆ కొన్నావిడే శిల్పారామంలో ఓ లేసు ఆవిడ దగ్గర ఆగి "ఇంతా? మా అపార్టుమెంట్లో 250కే ఇచ్చారు" అంటుంది. అది విని రేటు తగ్గించుకునేది ఎవరు? కోటీశ్వరుడొకడు సరదా పుట్టి మన ప్రాజెక్టుల్ని సర్వరు ఖర్చుకే చేసిపెడతానంటే మనం ఊరుకుంటామా? ఒక్క రోజులో యూనియన్ పెట్టేస్తాం :-)

'మరి ఇప్పుడు ఊరికే దుప్పటి అల్లుతున్నావుగా, అది ఇంకా చవక కదా' అని మీరడగొచ్చు. అడగాల్సిన ప్రశ్నే. ఇవ్వడం వేరు, తక్కువకి అమ్మడం వేరు. ఈ దుప్పటి వెళ్ళేది చలికాలంలో ప్రభుత్వాసుపత్రి ఆవరణలో నేల మీద పడుకునే రోగుల బంధువులకి. వాళ్ళు లేసు దుప్పటి కొనేవాళ్ళు కాదు, కాబట్టి ఎవరి బేరమూ పోదు. పైగా దానికి ధర చీటీ లేదు, అంటే ఇంకొకళ్ళ ధరతో పోల్చడానికి అంకె లేదు. మనం ఓపెన్ సోర్సు రాస్తాం కదా, అలా. కోడ్ ఊరికే ఇస్తాం, కానీ 'ప్రోగ్రామర్ గంట ఖరీదు పాతిక రూపాయలు' అని బోర్డు పెట్టం.

ఇక మామూలుగా వచ్చే వాదనలు.

'టీవీ చూస్తూ అల్లుతారు, అది కష్టమా?' మనం పాటలు వింటూ కోడ్ రాస్తాం. పాటకింత అని జీతంలో ఎవడైనా కోస్తాడా?

'రేటు పెంచితే ఎవరూ కొనరు, వచ్చే ఆ కాస్తా పోతుంది.' తక్కువ కూలి ఉన్న ప్రతి చోటా ఎప్పుడూ వినపడే మాటే ఇది. కొన్ని బేరాలు పోవచ్చు, నేను కాదనను. కానీ మొత్తం ధర పెరగాలనేగా అనుకుంటున్నారు? షాపులో చీటీ మీదున్న ధరకీ, అల్లిన చేతికి వచ్చినదానికీ మధ్య ఉన్న దూరంలో ఎంత సర్దొచ్చో ముందు చూడండి. ఆ తర్వాత కొనేవాడి జేబు సంగతి మాట్లాడదాం.

'వాళ్ళు స్వచ్ఛందంగా చేస్తున్నారు, ఎవరూ బలవంతం చెయ్యలేదుగా.' వేరే పనికి గడప దాటనివ్వకుండా, గడప లోపలికి వచ్చిన ఒక్క పనినీ ఒప్పుకుంటే దాన్ని స్వచ్ఛందం అనడం మనకే చెల్లింది.

2016 జనవరిలో చెన్నైలో 'మదర్ ఇండియాస్ క్రోషే క్వీన్స్' అనే బృందం 11,148.5 చదరపు మీటర్ల క్రోషే దుప్పటి పరిచి గిన్నిస్ రికార్డు కొట్టింది. ఎవరింట్లో వాళ్ళు అల్లిన ముక్కల్ని తెచ్చి కలిపారు. నిజంగా గొప్ప విషయం. అయితే రికార్డు చదరపు మీటర్లలో ఉంది. గంటల్లో లేదు. ఆడవాళ్ళ చేతిపని ఎక్కడైనా ఇలాగే కొలుస్తాం. ఎంత పెద్దదో చూస్తాం, ఎంత అందంగా ఉందో చూస్తాం, ఎంత చవకో చూస్తాం. ఎంతసేపు పట్టిందని మాత్రం అడగం.

మన వృత్తిలో మొదటి రోజు నేర్పేదే టైమ్ షీటు నింపడం. పావుగంట మీటింగు కూడా రాసుకుంటాం. అంచనాలూ, మ్యాన్ అవర్లూ మన నోట్లో నలిగే మాటలు. ఆ ఒక్క విద్యని ఇంటికి తెచ్చుకోమంటున్నాను, అంతే. చేత్తో అల్లింది కొనేటప్పుడు 'ఇది ఎన్ని గంటల పని?' అని అడగండి. సమాధానం విన్నాక బేరం ఆడాలనిపిస్తే ఆడండి, నేను ఆపను. మీరే అల్లేవాళ్ళయితే ఊరికే ఇవ్వండి, లేదా గంటలు కలిపి ధర పెట్టండి. మధ్యలో ఊలు ఖరీదుకి మాత్రం అమ్మకండి.

ఇంకొక్కటి. మీలో చాలామంది ఇళ్ళల్లో టీవీ మీద కప్పిన లేసు గుడ్డ ఉండేది, గుర్తుందా? ఫ్రిజ్ మీద ఇంకోటి, టీపాయ్ మీద గుండ్రంది ఒకటి. టీవీలు పల్చబడి గోడకెక్కాక అవి అటక మీదకి పోయుంటాయి. ఈ ఆదివారం ఫోన్ చేసినప్పుడు మీ అమ్మగారినో, అమ్మమ్మగారినో, పెద్దమ్మనో అది ఎవరు అల్లారో, ఎన్నాళ్ళు పట్టిందో అడగండి. మొదట "ఆ, ఏదో ఖాళీగా ఉన్నప్పుడు" అంటారు. అక్కడితో వదిలేయకండి. ఆ ఖాళీ ఎప్పుడు దొరికేదో అడగండి. వంటయ్యాకనా, మిమ్మల్ని పడుకోబెట్టాకనా, కరెంటు పోతే లాంతరు దగ్గరా అని.

తా.క.: ఇప్పటికి 17 ముక్కలయ్యాయి. ఇంకా 32. మిగిలిన ఊలు పూర్తి చెయ్యడానికి ఒక్క కొత్త ఉండ కూడా కొననని ఒట్టు పెట్టుకున్నా. తెలుపు అయిపోవచ్చింది, ఏం చేస్తానో చూడాలి. మా లీడ్ నిన్న మెల్లిగా వచ్చి, వాళ్ళమ్మగారు కూడా అల్లేవారట, ఆ సూది ఇంకా ఇంట్లో ఉందట, కుట్టు ఎలా వెయ్యాలో చూపించమన్నాడు. ఆరోఐ గురించి ఈసారి ఏం అడగలేదు.